వలస పాలకులు, వలస కూలీలు: ఒకే మాటా?

సందేహం: హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి గురించిన వ్యాసంలో ‘ఫ్రాన్స్ వలస ప్రాంతం’ అనీ, ‘యానాం నుంచి వెళ్లిన వలస కూలీలు’ అనీ చదివాను. ఏలినవాడికీ చెరకు నరికినవాడికీ ఒకే మాటా? ఆ దీవిని ఇప్పుడు ‘సముద్రాంతర ప్రాంతం’ అనవచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: అడగవలసిన ప్రశ్నే అడిగారు. వలస మన ద్రావిడ పదం. తమిళంలో వలసై, కన్నడంలో వలసె. శత్రుసైన్యానికి భయపడి ఇల్లు విడిచిపోవడమని బ్రౌన్ అర్థం చెప్పాడు. కరవు తరిమినా వలసే. అలా తరలిన జనం గుడిసెలు వేసుకున్న చోటుకీ ఆ పేరే నిలిచిందని నా అభిప్రాయం. ఆమదాలవలస, పాలవలస లాంటి ఉత్తరాంధ్ర ఊళ్లను చూడండి. పిట్టలు వలస వస్తాయి, మనుషులు వలస పోతారు. ఈ మాటలో ఎక్కడా ఏలుబడి లేదు.

‘కాలనీ’కి మూలమైన లాటిన్ మాట సాగు చేసుకునేవాళ్ల నివాసాన్ని చెబుతుంది. దాన్ని చూసి మనవాళ్లు ‘వలసరాజ్యం’ కట్టారు. రాజ్యం పక్కనుంది కాబట్టి సరే. ఇప్పటి పత్రికలు ఆ రాజ్యాన్ని కోసేసి ‘వలస పాలకులు’, ‘వలస చట్టాలు’ అని రాస్తున్నాయి. దీంతో దోచుకున్నవాడు పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడిలా కనిపిస్తాడు. ఇది నాకు బొత్తిగా నచ్చదు.

రీయూనియన్ విషయంలో జాగ్రత్త ఇంకా అవసరం. 17వ శతాబ్దంలో ఫ్రెంచివారు స్థిరపడేనాటికి అక్కడ జనావాసమే లేదు. కాఫీ తోటలకూ, ఆ తర్వాత చెరకు తోటలకూ మడగాస్కర్ నుంచీ ఆఫ్రికా తూర్పు తీరం నుంచీ మనుషులను పట్టి తెచ్చారు. వాళ్లు ‘వలస వచ్చారు’ అని రాయడం తప్పు, అన్యాయం కూడా. సంకెళ్లు వేసి ఓడెక్కిస్తే అది చెర. 1848 డిసెంబరు 20న 60 వేలకు పైగా బానిసలకు విముక్తి వచ్చింది. తోటల యజమానులు ఒప్పందపు కూలీల కోసం మన తీరాల వైపు మరింతగా చూశారు. యానాం నుంచి తెలుగు కూలీలు అంతకు ముందే, 1828 ప్రాంతంలోనే, వెళ్లారు. దళారుల మోసాలు ఎన్ని ఉన్నా వీళ్లది వలసే. వీళ్ల సంతతినీ తమిళుల సంతతినీ కలిపి అక్కడ ‘మలబార్’ అంటారు. కేరళ తీరంలోని మలబారుతో వీళ్లలో చాలామందికి సంబంధమే లేదు!

ఇక ఇప్పటి హోదా. 1946 మార్చి 19 చట్టంతో ఆ దీవి ఫ్రాన్స్‌లో ఒక జిల్లా అయింది. అక్కడివాళ్లు అధ్యక్షుడి ఎన్నికలో ఓటేస్తారు, పారిస్‌కు ఎంపీలను పంపుతారు, యూరోలు వాడతారు. చట్టం లెక్కన వలసరాజ్యం కాదు. కానీ 1959లో అక్కడి నాయకుడు పోల్ వెర్జెస్ స్థాపించిన కమ్యూనిస్టు పార్టీ స్వయంప్రతిపత్తి కోరింది. 1960లు, 70లలో అధికారులు అక్కడి పిల్లలను 2 వేలమందికి పైగా ప్రధాన ఫ్రాన్స్‌కు తరలించారు. ఇందులో రాజ్యానికి నైతిక బాధ్యత ఉందని ఫ్రెంచి పార్లమెంటు దిగువ సభ 2014లో తీర్మానించింది. అందుకే పాత ఏలుబడి పూర్తిగా పోలేదనేవాళ్ల మాటను వ్యాకరణం చూపించి కొట్టిపారేయలేను. 1946కు ముందు సంగతైతే ‘వలసరాజ్యం’ అని నిండుగా రాయండి. తర్వాతి కాలానికి ఆ మాట వాడితే అది మీ రాజకీయాభిప్రాయమని తెలిసేలా రాయండి.

‘సముద్రాంతర’ మాత్రం వద్దు. దేశాంతరం మరో దేశం, జన్మాంతరం మరో జన్మ. ఆ వరసలో సముద్రాంతరం మరో సముద్రం అవుతుంది. ‘సముద్రం అవతలి ఫ్రెంచి జిల్లా’ అంటే చాలు.