యుద్ధకాలంలో లండన్ రేడియోని జనం ఎందుకు నమ్మారు?

"రెండో ప్రపంచ యుద్ధంలోనూ ఆ తర్వాతా బీబీసీ విదేశాలకు ఇచ్చిన వార్తలు బ్రిటిష్ ప్రభుత్వ ప్రచారమే కదా, అన్ని దేశాలవాళ్ళూ వాటిని ఎలా నమ్మారు?" అని అడిగారు.

ప్రచారమే, కాదనను. డబ్బు ప్రభుత్వానిది. ఏ భాషలో ఎన్ని గంటలు మాట్లాడాలో కూడా ప్రభుత్వమే తేల్చేది. అయినా నమ్మకం కుదిరిందంటే, ఓడిన రోజున ఓడామని చెప్పడం వల్లనే. మా ఇంట్లో తాతగారి కాలం నుంచి ఆ రేడియో విన్నాం కాబట్టి ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను.

తాతగారిది కాకినాడ దగ్గర పల్లె. ఆయన తమ్ముడు రంగూన్‌లో బియ్యం మిల్లులో గుమాస్తా. మా తీరం నుంచి రంగూన్ వెళ్ళి బతికిన కుటుంబాలు అప్పట్లో కోకొల్లలు. ఊళ్ళో రేడియో కరణంగారింట్లో ఒక్కటే, బ్యాటరీ మీద నడిచేది. రాత్రి భోజనాలయ్యాక అందరూ ఆ అరుగు మీద చేరితే, ఇంగ్లీషు వచ్చిన మాస్టారు విని తెలుగులో చెప్పేవారట. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయిందని చర్చిల్ స్వయంగా రేడియోలో చెప్పాడు. "సింగపూరే పోయిందని వాళ్ళ నోటితో వాళ్ళే ఒప్పుకున్నాక రంగూన్ ఎన్నాళ్ళు నిలుస్తుంది?" అని తాతగారు తమ్ముడికి వెంటనే తంతి కొట్టించారు, ఉన్నది ఉన్నట్టు వదిలేసి వచ్చెయ్యమని. చిన్నతాత దొరికిన ఓడ ఎక్కి వచ్చేశారు. మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి పోయింది. ఆ తర్వాత బయల్దేరినవాళ్ళు కొండలూ అడవులూ దాటి నడిచి రావలసి వచ్చింది. దారిలోనే ప్రాణాలు పోయినవాళ్ళు ఎందరో.

ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాక పుకార్లకి పట్టపగ్గాల్లేవు. అదే రేడియోలో బెర్లిన్ నుంచి సుభాష్ చంద్రబోస్ ప్రసంగాలు కూడా వినేవారు, తలుపులు దగ్గరికి వేసుకుని. మనసంతా బోస్ వైపే. కానీ ఏ ఊరు ఎవరి చేతిలో ఉందో తెలియాలంటే ముల్లు లండన్‌కి తిప్పేవారు. ఒకరి మీద అభిమానం, ఇంకొకరి వార్త మీద నమ్మకం, రెండూ ఒకే అరుగు మీద ఉండేవి.

ఈ పద్ధతి వాళ్ళకి పుట్టుకతో రాలేదు. 1940 ఏప్రిల్‌లో నార్వేలో గెలుస్తున్నామంటూ వచ్చిన ఉత్తుత్తి కబుర్లు ప్రసారమై, తీరా అక్కడినుంచి వెనక్కి రావలసి వచ్చేసరికి పరువు పోయింది. ఆ సెప్టెంబర్ 15న 185 జర్మన్ విమానాలు కూల్చామని చెప్పారు. యుద్ధం అయ్యాక జర్మన్ రికార్డులు తీస్తే అసలు సంఖ్య 60 ప్రాంతంలో ఉంది. వైమానిక శాఖ ఇచ్చిన అంకె చదివారు, అంతే. అంచేత లండన్ చెప్పిందల్లా వేదం అనుకోకండి. ప్రతి స్క్రిప్టునీ ముందు సెన్సార్ చూసేవాడు. ప్రసారం జరుగుతున్నప్పుడు కూడా ఒకడు స్విచ్ మీద చెయ్యి పెట్టుకుని కూర్చునేవాడు, చదివేవాడు కాగితం దాటి ఒక్క ముక్క మాట్లాడినా గొంతు ఆపెయ్యడానికి.

ఆ స్విచ్ బరువు మనకే ఎక్కువ తెలిసింది. హిందుస్తానీ ప్రసారాలు 1940 మే 11న మొదలయ్యాయి. జుల్ఫికర్ అలీ బుఖారీ, బల్‌రాజ్ సాహ్నీ, వేణు చితాలే లాంటివాళ్ళు అక్కడ పనిచేశారు. 1941 ఆగస్టు నుంచి 1943 నవంబర్ దాకా ఇంగ్లీషు రచయిత జార్జ్ ఆర్వెల్ అక్కడ పనిచేస్తూ, ఇండియా కోసం వారం వారం యుద్ధ సమీక్షలు రాశాడు. ఉత్తర ఆఫ్రికాలో టోబ్రుక్ రేవు జర్మన్ల చేతికి పోయిందని ఒప్పుకున్న లండన్, క్విట్ ఇండియా దగ్గరికి వచ్చేసరికి పాలకుడి గొంతే అయిపోయింది. ఆ వార్తల కోసం జనం బొంబాయిలో ఉషా మెహతా బృందం రహస్యంగా నడిపిన కాంగ్రెస్ రేడియోని వెతుక్కున్నారు. ఆర్వెల్ కూడా తన పని వృథా అవుతోందనిపించి మానేశాడు. అక్కడి భారతీయుల కష్టాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ బీబీసీ నిజాయితీ గురించి మాట్లాడేవాళ్ళు ఈ సంగతి పక్కన పెడితే మాత్రం ఒప్పుకోలేను.

యూరప్ సంగతి వేరు. జర్మనీలో విదేశీ రేడియో వింటే జైలు, విన్నది నలుగురికీ చెబితే మరణశిక్ష దాకా వెళ్ళేది. పోలండ్‌లో జనం దగ్గర రేడియోలే లాగేసుకున్నారు. అయినా విన్నారు, రాసుకున్నారు. రహస్య పత్రికలవాళ్ళు ఎక్కించుకోవడానికి వీలుగా లండన్ కొన్ని బులెటిన్లు డిక్టేషన్ చెప్పినంత నిదానంగా చదివేది.

నమ్మకం విషయంలో నాకు అన్నిటికన్నా పెద్ద పరీక్ష అనిపించేది 1956 నాటి సూయెజ్, అంటే ఈజిప్టు జాతీయం చేసిన సూయెజ్ కాలువ కోసం బ్రిటన్ ఆ దేశం మీద చేసిన దాడి. యుద్ధంలో శత్రువు బయట ఉన్నాడు, దేశం ఒక్కటిగా ఉంది. సూయెజ్‌కి బ్రిటన్ రెండుగా చీలింది. నవంబర్ 3న ప్రధాని ఈడెన్ మాట్లాడాడు. మర్నాడు ప్రతిపక్ష నాయకుడు గెయిట్‌స్కెల్ జవాబిస్తూ ప్రధాని దిగిపోవాలన్నాడు. బీబీసీ ఆ విమర్శని విదేశీ శ్రోతలకి కూడా, అరబిక్‌తో సహా, వినిపించింది. ప్రభుత్వం మండిపడింది. ప్రసారాల మీద కన్నేసి ఉంచడానికి విదేశాంగ శాఖ మనిషిని బీబీసీ విదేశీ ప్రసారాల కార్యాలయమైన బుష్ హౌస్‌లో కూర్చోబెట్టారు, నిధులు కోస్తామన్నారు. వార్తలు మాత్రం మారలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే సైప్రస్‌లో షర్క్ అల్ అద్నా అనే అరబిక్ స్టేషన్‌ని ప్రభుత్వం స్వాధీనం చేసుకుని 'వాయిస్ ఆఫ్ బ్రిటన్' అని పేరు మార్చింది. తెర వెనక అది ముందునుంచీ బ్రిటిష్‌వాళ్ళదే, కానీ పాటలతో, కార్యక్రమాలతో అరబ్బుల ఆదరణ సంపాదించుకుంది. దాంట్లో బాహాటంగా సర్కారు మాట వినిపించడం మొదలవగానే అరబ్ సిబ్బంది పని వదిలేసి పోయారు. ఒకే ప్రభుత్వం, ఒకే నెల, రెండు రేడియోలు. అరబిక్ సర్వీసుకి ఇది కొత్తేం కాదు. 1938 జనవరి 3న మొదలైన రోజునే, పాలస్తీనాలో బ్రిటిష్ అధికారులు ఒక అరబ్బుని ఉరి తీసిన వార్త చదివి పైవాళ్ళ కోపానికి గురైంది.

నాకు అనుభవమైంది 1984 అక్టోబర్ 31న. వరంగల్‌లో చదువుకుంటున్నాను. హాస్టల్ మేడ మీద ట్రాన్సిస్టర్‌కి తీగ తగిలించి, గరగరలో షార్ట్‌వేవ్ వెతుకుతుంటే లండన్ దొరికింది. ఇందిరాగాంధీ మరణించారని మధ్యాహ్నానికే విన్నాం. ఆకాశవాణి అధికారికంగా చెప్పేసరికి సాయంత్రమైంది. ఈ మధ్యలో కింద గదుల్లో కుర్రాళ్ళు మాతో వాదిస్తూనే ఉన్నారు, మన రేడియో చెప్పలేదు కదా అని. బెంగాల్ పర్యటనలో ఉన్న రాజీవ్ గాంధీ కూడా ఆ రోజు ట్రాన్సిస్టర్‌లో బీబీసీయే పెట్టుకున్నారు.

మీకు ఆసక్తి ఉంటే 1943, 1945 నాటి రికార్డింగులు రెండు ఇంటర్నెట్‌లో వినండి. మొదటిది 1943 సెప్టెంబర్ 3 రాత్రి బెర్లిన్ మీద బాంబులు వెయ్యడానికి వెళ్ళిన బ్రిటిష్ లాంకాస్టర్ విమానంలోంచి బీబీసీ విలేకరి విన్‌ఫర్డ్ వాన్ థామస్ చెప్పింది. రెండోది 1945 ఏప్రిల్‌లో జర్మనీలోని బెల్సెన్ నాజీ నిర్బంధ శిబిరం నుంచి మరో బీబీసీ విలేకరి రిచర్డ్ డింబుల్‌బీ పంపింది. అది ఎంత భయంకరంగా ఉందంటే, లండన్‌లో వాళ్ళు మొదట ప్రసారం చెయ్యడానికే జంకారు. వెయ్యకపోతే రాజీనామా చేస్తానని డింబుల్‌బీ పట్టుబట్టాక, 19వ తేదీన వేశారు. వింటున్నప్పుడు ఆయన విశేషణాలు ఎంత తక్కువ వాడాడో గమనించండి.