బాల్కనీ తలుపు వెనక

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నాకు 62 ఏళ్లు. పద్నాలుగేళ్ల కిందట మా ఆవిడా నేనూ ఇష్టపడే విడాకులు తీసుకున్నాం. అప్పటికి పదిహేనేళ్లున్న మా అబ్బాయి తల్లి దగ్గరే పెరిగాడు. ఇప్పుడు భీమవరంలో రొయ్యల చెరువుల మీద టెక్నీషియన్. పెళ్లి కాలేదు. నాకు మోకాలి ఆపరేషన్ అయ్యాక, ఒంటరిగా ఉండొద్దని తనే వచ్చి తీసుకెళ్లాడు. నాలుగు నెలలైంది, మా మధ్య మాటల్లేవు. పొద్దెక్కేదాకా పడుకుంటాడు, అడిగితే ముభావం. వాళ్లమ్మ ఫోను చేస్తే బాల్కనీలోకెళ్లి తలుపేసుకుంటాడు. అరెకరం కొబ్బరితోట వాడి పేర రాసేస్తే దగ్గరవుతాడా? లేక ఊరెళ్లిపోనా?

జవాబు: ఊరెళ్లొద్దండీ. మిమ్మల్ని తనే వచ్చి తీసుకెళ్లాడని రాసి, వెంటనే ఫిర్యాదుల్లోకి వెళ్లిపోయారు. నేను మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

ముందు ఆ తలుపు సంగతి. అమ్మానాన్నలు విడిపోయిన పిల్లలు ఎవరూ చెప్పకుండానే ఒక జాగ్రత్త నేర్చేసుకుంటారు. అమ్మ దగ్గర నాన్న ఊసు ఎత్తరు, నాన్న దగ్గర అమ్మ ఊసు ఎత్తరు. పెద్దయ్యాక కూడా ఆ అలవాటు పోదు. మీ అబ్బాయి మీ మీద కోపంతో కాక, మీరు నొచ్చుకుంటారనే ఆ తలుపు వేస్తున్నాడేమో. అన్నం తినేటప్పుడు ఒకసారి, ‘అమ్మ ఫోను చేస్తే ఇక్కడే కూర్చుని మాట్లాడు నాన్నా, నాకేం ఇబ్బంది లేదు’ అనండి. ఆవిడ గురించి మంచీ చెడూ ఇంకేమీ కలపొద్దు. ఫోను మోగితే మీరు కాలవగట్టు దాకా నడిచి రండి. పదోసారి కూడా అతను తలుపేసుకోవచ్చు. మళ్లీ అడక్కండి.

ఈ పద్నాలుగేళ్లూ అబ్బాయిని ఎన్నిసార్లు చూశారో మీరు రాయలేదు. తక్కువే అయితే, ‘నీ ఇంటర్ అప్పుడూ, ఉద్యోగం వచ్చినప్పుడూ నేను పక్కన లేను, తప్పు నాదే’ అని చెప్పండి. కారణాలు జోడిస్తే ఆ మాట విలువ పోతుంది.

ఇక నిద్ర. చెరువు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారేముందే. ఆ వేళ కరెంటు పోయి, నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు ఆగితే, జనరేటర్ వేసేలోపే రొయ్య చనిపోవచ్చు. రాత్రంతా గట్టు మీదుండి అతను పడుకునే వేళకు, పల్లె అలవాటున మీరు లేచి గిన్నెలు కడుగుతుంటారు. స్టీలు గిన్నెల చప్పుడు పక్క గదిలోకి ఎలా వినిపిస్తుందో మీకు తెలుసు. ఆ పని తొమ్మిదింటికి పెట్టుకోండి.

తోట మాత్రం ఇప్పుడు రాయకండి. కొబ్బరికాయల దింపు డబ్బులు మీ చేతికొస్తేనే మందులు మీరు కొనుక్కోగలరు, ఇంటిఖర్చుకీ కొంత ఇవ్వగలరు. ఎప్పుడైనా రాసినా, మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే పెట్టించండి. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, అలా షరతుతో ఇచ్చాక చూడకపోతే ఆ రాతకోతలు రద్దు చేయమని ట్రిబ్యునల్‌ని అడగొచ్చు. మీ అబ్బాయిని అనుమానించి చెప్పడం లేదు, ఎవరడిగినా ఇదే చెబుతాను.

మోకాలు కుదుటపడ్డాక ఒక రాత్రి మీరూ చెరువు దగ్గరికి వస్తానని అడగండి. గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చోండి. ఆక్సిజన్ మీటరు ఎలా చూస్తారో అతన్ని అడిగి నేర్చుకోండి.