కొండ ఉన్నచోటే ఉందా?

చిరంజీవికి,

నీ వ్యాసం చిత్తుప్రతి అందింది. ల్యాండ్‌స్కేప్ ఫొటోల ఎడిటింగ్ గురించి ఇంత పట్టించుకుని రాసేవాళ్లు మనలో తక్కువ. కాబట్టి ముందు సంతోషం, ఆ తర్వాతే కత్తెర.

నీ వాదమంతా ఒక్క గీత మీద నిలబడింది. గీతకు ఇవతల సహజంగా కనిపించే ఫొటోలు, అవతల కలలోలా కనిపించే అధివాస్తవిక ఫొటోలు. ఇవతలివి నిజాయితీ, అవతలివి మోసం. ఆ గీత నిలవదు. రెండు వేరువేరు ప్రశ్నల్ని నువ్వు ఒకటిగా కలిపేశావు. ఫొటో చూడ్డానికి ఎలా ఉందన్నది ఒక ప్రశ్న. కెమెరా ముందున్న దాంట్లో ఏం తీసేశారు, లేనిది ఏం చేర్చారు అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు చూసి రెండోదాని మీద తీర్పు చెప్పేశావు.

జర్మన్ ఫొటోగ్రాఫర్ ఆండ్రియాస్ గుర్‌స్కీ 1999లో చేసిన రైన్ నది ఫొటో 'రైన్ 2' చూడు. బూడిదరంగు ఆకాశం, పచ్చిక, నది, మళ్లీ పచ్చిక. కళ్లు చెదిరే రంగు ఒక్కటీ లేదు. కానీ అవతలి ఒడ్డున ఉన్న కట్టడాల్ని ఆయన కంప్యూటర్‌లో చెరిపేశాడు. 2011లో ఆ ఫొటో వేలంలో 43 లక్షల డాలర్లకు పైగా పలికింది. నీ గీత ప్రకారం అది సహజం. ఇప్పుడు 1990లో మార్కెట్లోకి వచ్చిన ఫ్యూజీ వాళ్ల వెల్వియా స్లైడ్ ఫిల్మ్ సంగతి తీసుకో. రంగుల్ని బాగా చిక్కగా చూపిస్తుంది కాబట్టే ల్యాండ్‌స్కేప్ వాళ్లు దాన్ని అంతగా ఇష్టపడ్డారు. దానిమీద తీసిన సూర్యాస్తమయంలో ఒక్క గడ్డిపరక కూడా అటూఇటూ కాలేదు, కానీ అంత ఎరుపు అక్కడ నిలబడ్డ మనిషి చూసి ఉండడు. దీన్ని ఎటు పెడతావు?

మూడో పేరాలో 'కెమెరా చూసింది చూసినట్టు' అన్నావు. కెమెరాలో వెలుగుని పట్టే సెన్సర్ చేసేది లెక్క. రెట్టింపు వెలుగు పడితే రెట్టింపు అంకె రాసుకుంటుంది. కన్ను అలా పనిచేయదు. మసక వెలుతురులో చిన్న తేడా కూడా పట్టుకుంటుంది, మంచి ఎండలో పెద్ద తేడాని కూడా కుదించేస్తుంది. అందుకే రా ఫైల్‌ని, అంటే సెన్సర్ రాసుకున్న అంకెల్ని అలాగే దాచిన ఫైల్‌ని, టోన్ కర్వ్ (వెలుగునీడల్ని కంటికి నప్పేలా సర్దే లెక్క) ఏమీ లేకుండా తెరిస్తే నల్లగా, నిర్జీవంగా ఉంటుంది. కెమెరా నేరుగా తయారుచేసి ఇచ్చే జేపెగ్ ఫొటోలో కాంట్రాస్ట్, రంగు, షార్ప్‌నెస్ ఎంతుండాలో కంపెనీ ఇంజినీర్లు ముందే తేల్చి పెట్టారు. 'నేనసలు ఎడిటే చేయను' అని గర్వంగా చెప్పుకునేవాళ్లది వేరేవాళ్లు ఎడిట్ చేసిపెట్టిన ఫొటో, అంతే.

షట్టర్ సంగతీ అంతే. రెండు సెకన్లు తెరిచి ఉంచితే జలపాతం పాలనురగలా వస్తుంది. అలాంటి నీళ్లు ఎవరూ చూడలేదు, అయినా ఎడిటింగ్‌లో ఒక్క స్లైడర్ కూడా జరపలేదు. పాలపుంత మన కంటికి తెల్లటి మసకే, ఎందుకంటే అంత తక్కువ వెలుతురులో కన్ను రంగుల్ని గుర్తించలేదు. కెమెరా గుర్తిస్తుంది. అప్పుడు ఎవరి చూపు సహజం?

ఇదంతా ఫొటోషాప్‌తో మొదలైనట్టు రాయడం కూడా సరికాదు. 1850ల నాటి కొలోడియన్ ప్లేట్లు (ఫిల్మ్ రాకముందు వాడిన, రసాయనం పూసిన గాజు పలకలు) నీలి వెలుగుకే బాగా స్పందించేవి. నేలకు సరిపడా ఎక్స్‌పోజర్ ఇస్తే ఆకాశం తెల్లకాగితమయ్యేది. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ గుస్తావ్ ల గ్రే అప్పట్లోనే సముద్రానికో నెగెటివ్, మబ్బులకో నెగెటివ్ తీసి రెండూ కలిపి ప్రింట్ చేశాడు. ఫొటోషాప్‌లో ఆకాశాన్ని మార్చేసే మీట 2020లో వచ్చింది.

అమెరికన్ ల్యాండ్‌స్కేప్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్‌ని నువ్వు సహజత్వానికి సాక్షిగా పిలిచావు. జాగ్రత్త. పియానో నేర్చిన మనిషి, నెగెటివ్‌ని స్వరలిపితోనూ ప్రింట్‌ని కచేరీతోనూ పోల్చాడు. 1941లో అమెరికాలోని హెర్నాండెజ్ ఊరి మీద చంద్రోదయం తీశాడు కదా, ఆ ఒక్క నెగెటివ్ నుంచి తొలి ప్రింట్లలో వచ్చిన ఆకాశం వేరు, తర్వాతి ప్రింట్లలో నల్లబడిపోయిన ఆకాశం వేరు. 1944లో లోన్ పైన్ దగ్గర తీసిన సియెరా నెవాడా సూర్యోదయంలో అయితే, హైస్కూలు పిల్లలు కొండమీద తెల్లరాళ్లతో పేర్చిన ఊరిపేరు తొలి అక్షరాల్ని కనపడకుండా చేసేశాడు కూడా. నీ సాక్షి ఎదుటి పక్షానికి మేలు చేసి వెళతాడు.

ఇక విమర్శ రాసే పద్ధతి. నీ వ్యాసంలో ఏడెనిమిది చోట్ల 'ఓవర్‌గా ఎడిట్ చేశారు' అని ఉంది. అది విసుగు, విమర్శ కాదు. ఫొటోలో ఏం తేడాగా ఉందో వేలుపెట్టి చూపించు. ఉదాహరణకు దూరపు కొండలు. మధ్యలో ఉండే గాలీ, అందులోని తేమా ధూళీ వల్ల దూరం పెరిగేకొద్దీ అవి పాలిపోతాయి, కాస్త నీలంగా మారతాయి. మన కన్ను దూరాన్ని అంచనా వేసేదే దాన్నిబట్టి. ఆ మసకని తగ్గించే డీహేజ్ స్లైడర్‌ని ఫొటో మొత్తానికీ తోసేస్తే వెనక కొండ వచ్చి ముందు కొండ మీద కూర్చుంటుంది. లోతు పోయింది అని రాయి, చదివేవాడికి వెంటనే తెలుస్తుంది. నిశ్చలంగా ఉన్న నీళ్లలో ఆకాశం ప్రతిబింబం అసలు ఆకాశం కంటే కొంచెం ముదురుగానే ఉండాలి. పైభాగాన్ని గ్రేడియంట్‌తో (మెల్లగా పలచబడే ఛాయతో) ముదురు చేసేసి కింద వదిలేస్తే నీళ్లు ఆకాశాన్ని మించి వెలుగుతాయి. ఏదో బాగోలేదని అందరికీ అనిపిస్తుంది, ఏంటో చెప్పగలిగేవాళ్లు కొద్దిమంది. చెప్పడమే నీ పని. అలాగే చందమామ. ఆకాశంలో దాని వెడల్పు అర డిగ్రీ. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి (సెన్సర్ 36 మిల్లీమీటర్ల వెడల్పు ఉండేదానికి) విశాలంగా చూపించే 24 మిల్లీమీటర్ల లెన్స్ పెడితే ఫ్రేము వెడల్పులో సుమారు నూట యాభయ్యో వంతు వస్తుంది. అదే ఫొటోలో కొండంత చందమామ కనిపిస్తే దాన్ని ఎక్కణ్ణుంచో తెచ్చి అతికించారని తేల్చేయొచ్చు. కొండ అంచుల చుట్టూ తెల్లటి వెలుగు గీత ఉంటే అది హెచ్‌డీఆర్ (వేర్వేరు ఎక్స్‌పోజర్ల ఫొటోల్ని కలపడం), క్లారిటీ (అంచుల దగ్గర కాంట్రాస్ట్ పెంచే స్లైడర్) పనితనం, దాని గురించి ఒక్క వాక్యం చాలు.

అధివాస్తవిక ఫొటోల మీద నీకంత కోపం ఎందుకో నాకు అర్థం కాలేదు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ జెర్రీ యుల్స్‌మన్ ఫొటోలకి కంప్యూటర్ వాడని రోజుల్లో, డార్క్‌రూంలో వరసగా ఎన్‌లార్జర్లు (నెగెటివ్‌ని కాగితం మీదికి పెద్దదిగా వేసే యంత్రాలు) పెట్టుకుని, ఒకే కాగితాన్ని ఒకదాని కింది నుంచి ఇంకోదాని కిందికి జరుపుతూ గాల్లో తేలే చెట్లని ప్రింట్ చేశాడు. 1967లో న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం మోమాలో ఆయన ప్రదర్శన జరిగింది. ఆ చెట్టు నిజంగా తేలిందని నమ్మి ఎవరూ మోసపోలేదు. అసలు నాకు చిరాకు తెప్పించేవి మధ్యలో ఉండే ఫొటోలు. కలలా ఉండాలనీ, నిజంగా ఇలాగే ఉందని జనం నమ్మాలనీ రెండూ కోరుకునేవి. పర్యాటక ప్రకటనల నిండా అవే.

మోసం ఎక్కడుంటుందో చెప్పాలంటే నమ్మకం గురించి రాయి. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ గిజా పిరమిడ్ల అడ్డం ఫొటోని నిలువు ముఖచిత్రంలో పట్టించడానికి వాటిని దగ్గరికి జరిపింది. రంగులు మామూలుగానే ఉన్నాయి, అయినా పెద్ద గొడవైంది. వార్తాపత్రికలా చూసే పాఠకుడికి పిరమిడ్ ఉన్నచోటే ఉండాలి. 2012లో బ్రిటన్‌లో ఒక పేరున్న ల్యాండ్‌స్కేప్ పోటీ విజేత, ఎడిటింగ్ నిబంధనలు దాటాడని తేలి టైటిల్ పోగొట్టుకున్నాడు. అదే ఫొటో నిబంధన లేని గోడ మీద వేలాడి ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. నీ వ్యాసానికి వెన్నెముక ఇక్కడ దొరుకుతుంది. ఇప్పుడది చివరి పేరాలో ఒక మూల నక్కి ఉంది, ముందుకు తీసుకురా. 'ప్రకృతి మాత' పేరా మొత్తం కొట్టేయి, ఆ జాగా గుర్‌స్కీకి ఇవ్వు.

ఇంకొకటి. 'ఎలాంటి కల్తీ లేని దృశ్యం' అంటూ వ్యాసంతో పాటు నువ్వు తీసిన పొలం ఫొటో పంపావు. వెలుతురు బాగా పట్టావు. కుడివైపు గట్టు మీద మాత్రం ఒక స్తంభం నీడ పడి ఉంది, స్తంభం లేదు. దాన్ని వెనక్కి పెట్టమని నేననను, తీసేయడం వల్లే ఫ్రేము కుదిరింది. ఆ నీడ కూడా తీసేసి, కరెంటు స్తంభాన్ని ఎడిటింగ్‌లో తొలగించినట్టు ఫొటో కింద రాసి, కొత్త ప్రతితో పాటు రా ఫైల్ కూడా పంపించు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు