తమ్ముడూ, నీ పాటలో మాట వినబడాలి

విజయనగరం

తమ్ముడూ,

ముప్పై ఏళ్ళు ఊరూరా రాక్ వాయించి, ఇప్పుడు మనూళ్ళో టిక్కెట్టు పెట్టకుండా వాయిస్తానన్నావు. చాలా సంతోషం. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. టిక్కెట్టు కొనుక్కుని వచ్చేవాళ్ళకి నీ పాటలు ముందే నోటికొచ్చు, నీ గొంతు వాయిద్యాల కింద నలిగిపోయినా వాళ్ళే అందుకుని పాడేస్తారు. ఇక్కడికి వచ్చేవాళ్ళు చాలామంది నీ పాట మొదటిసారి వింటారు. చంకలో పిల్లలతో తల్లులుంటారు, రిటైరైన మేష్టార్లుంటారు. పైగా ఇది ఆదిభట్ల నారాయణదాసు గారి హరికథ విన్న ఊరు. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆయనే మొదటి ప్రిన్సిపాల్. ఘంటసాల, సుశీల చదువుకున్నది అక్కడే. సాహిత్యం చెవిన పడకపోతే ఈ ఊరికి అది పాట కాదు. అందుకే కింద రాసిందంతా ఒక్కదాని కోసమే: చివరి వరసలో కూచున్న మామ్మకి కూడా నీ మాట తెలియాలి.

ముందు గొంతు సంగతి. పాతికేళ్ళ వయసులో రికార్డు చేసిన శ్రుతిలోనే ఇప్పుడూ పాడాలని పట్టుబట్టకు. అర శ్రుతి దించు, అప్పటికీ మెడ నరాలు ఉబ్బుతుంటే ఒక శ్రుతి దించెయ్. అరిచి అందుకున్న స్వరంలో హల్లులు పోతాయి, అచ్చులే మిగులుతాయి. అదే మాట పోవడమంటే.

శ్రుతి దించితే గిటారుకీ పని పడుతుంది. నువ్వు వాడే 10 నంబరు తీగలు వదులైపోయి, గట్టిగా మీటినప్పుడల్లా శ్రుతి జారుతుంది. కాస్త లావైన 11 వేయించు. తీగ మందం మారింది కాబట్టి గిటారు మెడ వంపు, ఇంటొనేషన్ (ప్రతి మెట్టు మీదా స్వరం సరిగ్గా పలకడం) మళ్ళీ సరిచేయాలి. తేలే బ్రిడ్జి ఉన్న గిటారైతే వెనక స్ప్రింగులు కూడా. ఇదంతా కచేరీకి పది రోజుల ముందే అయిపోవాలి, తీగలు సాగి కుదురుకోవాలి కదా. స్పేర్ గిటారునీ అదే శ్రుతిలో ఉంచు. బేస్ వాయించే అబ్బాయికీ, కీబోర్డు అబ్బాయికీ కాగితం మీద రాసివ్వు. లూపులు, అంటే ముందే రికార్డు చేసి పెట్టుకున్న ముక్కలు ఉంటే ప్రతి ఒక్కటీ కొత్త శ్రుతికి మార్చి, మొదటినుంచి చివరిదాకా వినండి. ఒక్క లూపు పాత శ్రుతిలో మిగిలిపోయిందా, అది వేదిక మీదే బయటపడుతుంది.

నాలుగు గంటల ఎండలో సౌండ్ చెక్ చేసి, ఏడింటికి మొదలుపెడతారు. ఈలోపు చల్లబడి తీగ బిగుస్తుంది, శ్రుతి పెరుగుతుంది. లైట్ల వేడికి మళ్ళీ దిగుతుంది. పాటపాటకీ ట్యూనర్ చూసుకో.

పాటల వరస గురించి. తొంభై నిమిషాలకి పదిహేను పాటలు చాలు. ఆల్బమ్ తర్వాత ఆల్బమ్ అని ఏళ్ళ లెక్కన పేర్చొద్దు, నీ చరిత్ర నీకు ముఖ్యం గానీ వాళ్ళకి పాట ముఖ్యం. మొదటి పాటలో వాయిద్యాలన్నీ మొదటినుంచీ మోగాలి, మధ్యలో ఆగకూడదు, అప్పుడే మిక్సర్ దగ్గర కూచున్నవాడికి అన్నీ సర్దుకునే వీలుంటుంది. నీకు ప్రాణమైన పాటని అక్కడ పెట్టకు, నాలుగోదిగా పెట్టు. పైస్థాయి పాటలు రెండు పక్కపక్కన వద్దు. పాటకి ముందు అది దేని గురించో రెండు వాక్యాల్లో చెప్పు. ఆ రెండు వాక్యాలు విన్నాక మాటలు సులువుగా పట్టుబడతాయి.

ఇక మైక్ సెట్టు. అన్నిటికన్నా ఎక్కువ చెడేది ఇక్కడే. మనవైపు సెట్టువాళ్ళకి బేస్ బాక్సులంటే ప్రేమ. ఊరేగింపుకి అది బావుంటుంది, పాటకి పనికిరాదు. ముందు గొంతు ఒక్కటే పెట్టించి, నువ్వో మీవాళ్ళెవరో చివరిదాకా నడిచి వినండి. దాని చుట్టూ మిగతావి పెంచమను. గొంతు ఛానెల్లో 100 హెర్ట్జ్ కింద ఉండే మంద్ర ధ్వనిని కోసెయ్యమను. మాట స్పష్టత ఉండేది రెండు నుంచి నాలుగు వేల హెర్ట్జ్ మధ్య, గరగరలాడేలా డిస్టార్షన్ పెట్టిన గిటారు కూడా సరిగ్గా అక్కడే కూచుంటుంది. గొంతు పెంచుకుంటూ పోతే కీచుమంటుంది. గిటారునే అక్కడ మూడు డెసిబెల్స్ తగ్గించమను. నీ గిటారు చిన్నబోయిందని బాధపడకు.

దూరం రెట్టింపైన ప్రతిసారీ ఆరు డెసిబెల్స్ పడిపోతుంది. అందుకని ముందు బాక్సుల్నే మోత మోగిస్తే ముందు వరస పిల్లల చెవులు పోతాయి. నలభై మీటర్ల దగ్గర ఇంకో జత బాక్సులు నిలబెట్టించు. వాటికి డిలే, అంటే ధ్వనిని కాస్త ఆలస్యంగా వదలడం, తప్పనిసరి. నలభై మీటర్లు దాటడానికి ధ్వనికి దాదాపు 115 మిల్లీ సెకన్లు పడుతుంది. ఇంకో పది కలిపి 125 పెడితే పాట నీ నోటినుంచే వస్తున్నట్టుంటుంది. డిలే పెట్టకపోతే ప్రతి మాటా రెండుసార్లు వినబడి ముద్దైపోతుంది. ఎదురుగా కోట గోడలాంటి పెద్ద గోడ ఉంటే బాక్సుల్ని కాస్త కిందికి, జనం మీదికి వంచాలి. యాభై మీటర్ల గోడనుంచి మాట దాదాపు 0.3 సెకన్లకి తిరిగొచ్చి తర్వాతి మాట మీద పడుతుంది.

కరెంటు విషయంలో మాత్రం మొహమాటపడకు. సౌండుకీ లైట్లకీ వేరువేరు జనరేటర్లు. హమ్మింగ్ వస్తోందని ఎవరైనా ఎర్త్ పిన్ను తీసేస్తానంటే ఒప్పుకోవద్దు. తీగల మీద చెయ్యి, మైకు మీద పెదవి ఉన్నప్పుడు ప్రాణం పోతుంది. మైకు జాలీకీ గిటారు తీగకీ మధ్య వోల్టు మీటరు పెట్టి చూడు, ఒకటి రెండు వోల్టులు కనబడినా ఎర్తింగ్ సరిచేసేదాకా గిటారు ముట్టకు. న్యూట్రల్ తీగ వదులైతే 230 వోల్టులు కాస్తా 400 దగ్గరికి ఎగబాకుతుంది, ఆంప్లిఫయర్లు కాలిపోతాయి. ప్లగ్గులు పెట్టకముందే ప్రతి సాకెట్టూ కొలిపించు.

తప్పెటగుళ్ళ బృందంతో ఒక పాట చేయాలనుందన్నావు. మంచి ఆలోచన, కానీ వాళ్ళని చెవిలో తాళం కొట్టే నీ క్లిక్కుకి కట్టెయ్యకు. వాళ్ళ ఆటలో నడక పోనుపోనూ వేగం అందుకుంటుంది, దాని అందమే అది. మీ డ్రమ్మరే వాళ్ళని అనుసరించాలి. గుండె మీద కట్టుకున్న తప్పెటలకి తలో మైకూ వద్దు, తలపైన రెండు, గజ్జెలకి నేలమీద ఒకటి చాలు. వాళ్ళు గెంతడానికి స్టేజీ ముందు భాగం ఖాళీ చేయించు, కేబుళ్ళన్నీ వెనకనుంచి లాగించు. రెండు రిహార్సళ్ళైనా వాళ్ళ ఊరెళ్ళి చెయ్. కచేరీ ఉచితం గానీ వాళ్ళ పని ఉచితం కాదు. రిహార్సల్ రోజులకీ కలిపి డబ్బులు ముందే ఇప్పించు.

తేదీ అక్టోబరులో వద్దు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న, తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న వచ్చినవే. పైడితల్లమ్మ సిరిమానోత్సవం కూడా దసరా తర్వాతి మంగళవారమే, అప్పుడు పోలీసులకి ఊపిరాడదు. జనవరి చివర్లో పెట్టుకో, మంచుకి మిక్సర్ మీదా ఆంప్లిఫయర్ల మీదా టార్పాలిన్ ఉండాలి. రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్ కూడదు, ఆసుపత్రికి వంద మీటర్ల లోపు మైదానం తీసుకోకూడదు. తొమ్మిదింబావుకి ముగిస్తే పల్లెలవాళ్ళు బస్సులందుకుంటారు.

ఎవరెక్కడ నిలబడతారో గీసిన స్టేజీ బొమ్మ, మైకుల జాబితా, ఏ పాట ఏ శ్రుతిలోనో రాసిన కాగితం, మూడూ వచ్చే ఆదివారంలోగా పంపు. సెట్టువాళ్ళకి నేను చూపిస్తాను.

నీ పెద్దన్నయ్య