అయిదు సైట్లలో ఉందంటే అయిదు ఆధారాలున్నట్టు కాదు

ఒకే గణాంకం అయిదు వెబ్‌సైట్లలో కనిపించింది కాబట్టి పరిశోధన పత్రంలో వాడుకోవచ్చా అని అడిగారు. అప్పుడే వద్దండి. ముందు అవి అయిదు ఆధారాలా, ఒకే ఆధారానికి అయిదు నకళ్లా అన్నది తేల్చుకోండి. ఆ గణాంకం ఉన్న వాక్యాన్ని యథాతథంగా కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి. కామాలతో సహా ఒకేలా ఉంటే, ఒకరిని చూసి ఒకరు ఎత్తిరాసినట్టే. తేదీలు చూసుకుంటూ వెనక్కి వెళ్లి, మొదట ఆ లెక్క తీసినవారెవరో పట్టుకోండి. చాలాసార్లు దారి మధ్యలోనే తెగిపోతుంది. అలాంటి అంకెను నేనైతే వదిలేస్తాను.

మూలం పేరున్న జర్నల్ అయినా అక్కడితో ఆగకండి. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన వ్యాసం 1998లో వచ్చింది సాక్షాత్తూ ప్రఖ్యాత వైద్య పత్రిక లాన్సెట్‌లోనే. పరిశీలించింది 12 మంది పిల్లలను! పత్రిక దాన్ని పూర్తిగా ఉపసంహరించుకున్నది 2010లో. అందుకే డీఓఐ (వ్యాసానికి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు) నంబరుతో ప్రచురణకర్త పేజీ తెరిచి, ఉపసంహరణ ప్రకటన ఏమైనా ఉందేమో చూడండి. ఎప్పుడో దింపుకున్న పీడీఎఫ్‌లో ఆ ముక్క ఉండకపోవచ్చు.

చిరునామా చివర డాట్ ఓఆర్‌జీ ఉంటే నమ్మవచ్చా అన్నారు కదా, దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు. వికీపీడియాను ఉటంకించకండి కానీ, పేజీ అడుగున ఇచ్చిన మూలాల నుంచి మీ వెతుకులాట మొదలుపెట్టవచ్చు.