పాఠకుల ప్రశ్నలు – జవాబులు: బోవిస్టా గెలిచిన 2000-01 సీజన్

గత సంచికలో ఐరోపా ఫుట్‌బాల్ లీగుల విజేతల పట్టిక ప్రచురించాం. పోర్చుగల్ వరుసలో 2000-01 ఎదుట ఉన్న బోవిస్టా పేరు చూసి గుంటూరు, విజయవాడల నుంచి చాలామంది ఉత్తరాలు రాశారు. ప్రశ్నలన్నీ ఆ ఒక్క సీజన్ చుట్టూనే తిరుగుతున్నందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: పట్టికలో ఎక్కడ చూసినా బెన్ఫికా, పోర్టో, స్పోర్టింగ్ పేర్లే కనిపిస్తున్నాయి. వాటి మధ్యలోకి బోవిస్టా ఎలా వచ్చింది? అది గాలివాటుగా దక్కిన విజయమేనా?
– ఒక డిగ్రీ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: లీగు మొదలైన 1934-35 నుంచి 2024-25 వరకు జరిగిన 91 సీజన్లలో బెన్ఫికా 38 సార్లు, పోర్టో 30 సార్లు, స్పోర్టింగ్ 21 సార్లు విజేతలుగా నిలిచాయి. ఇతరులకు మిగిలినవి రెండే. వాటిలో ఒకటి 1945-46లో లిస్బన్‌కు చెందిన బెలెనెన్సెస్‌కు, రెండోది 55 ఏళ్ళ తర్వాత బోవిస్టాకు దక్కాయి. మన రంజీ ట్రోఫీలో ముంబై ఆధిక్యానికి అలవాటుపడినవారికి కూడా ఈ లెక్క మింగుడుపడదు. రంజీలో నాకౌట్ దశ ఉంటుంది కాబట్టి ఒక మంచి వారం కలిసివస్తే చిన్న జట్టు పెద్ద జట్టును ఇంటికి పంపవచ్చు. పోర్చుగల్‌లో అలా కుదరదు. 18 జట్లలో ప్రతి ఒక్కటీ మిగిలిన 17 జట్లతో సొంత మైదానంలో ఒకసారి, ఎదుటివారి మైదానంలో ఒకసారి ఆడి, ఆగస్టులో మొదలుపెట్టి మే నెల వరకు 34 మ్యాచ్‌లు పూర్తిచేయాలి. అంత సుదీర్ఘమైన పోరు గాలివాటుగా నెగ్గగలిగేది కాదు.

పైగా బోవిస్టా ఆ ఏడాది హఠాత్తుగా ఊడిపడిన జట్టు కాదు. 1997లో బెన్ఫికాను 3-2తో ఓడించి పోర్చుగల్ కప్ గెలుచుకుంది. అదే ఏడాది, ఒకప్పుడు పోర్టో మిడ్‌ఫీల్డర్‌గా పేరు తెచ్చుకున్న జైమ్ పషేకో కోచ్‌గా వచ్చాడు. 1998-99లో పోర్టో వెనుక రెండో స్థానంలో నిలిచి, మరుసటి సీజన్‌లో ఐరోపా అగ్ర క్లబ్‌లు తలపడే ఛాంపియన్స్ లీగ్ గ్రూపు దశలో ఆడింది. అంటే, పెద్ద జట్లను ఎదుర్కొని నిలవడం ఎలాగో ఆ ఆటగాళ్ళకు అప్పటికే తెలుసు. పషేకో ఆటతీరు చూడముచ్చటగా ఉండేదని ఎవరూ అనలేదు. ఎదుటివాడికి బంతిపై క్షణం ఊపిరి తీసుకునే వీలివ్వకుండా మీదపడటం, శరీర బలాన్ని దాచుకోకుండా వాడటం, ఒక గోల్ వస్తే దాన్ని కాపాడుకోవడం ఆ జట్టు పద్ధతి. మొరటు ఆట అని విమర్శించినవాళ్ళు ఉన్నారు. ఆ విమర్శలో కొంత నిజమూ ఉంది. కానీ 34 మ్యాచ్‌లలో ఇచ్చిన గోల్స్ 22 మాత్రమేనని, అందులోనూ నాలుగు విజేత ఎవరో తేలిపోయిన తర్వాత చివరి రోజున వచ్చినవని గుర్తుంచుకుంటే, ఆ మొరటుతనం వెనుక ఎంత క్రమశిక్షణ ఉందో అర్థమవుతుంది. దీన్ని అద్భుతమని కొట్టిపారేసే రాతలతో నేను ఏకీభవించను.

ప్రత్యర్థుల బలహీనత కూడా కలిసివచ్చిందన్న మాట కాదనలేం. ఏటా గోల్స్ వర్షం కురిపించిన మారియో జార్దెల్‌ను పోర్టో 2000 వేసవిలో తుర్కియేలోని గలటసరాయ్‌కు వదులుకుంది. బెన్ఫికా నునో గోమెస్‌ను ఇటలీలోని ఫియోరెంటీనాకు అమ్ముకుంది. జట్టుకు ప్రాణంలాంటి జువావ్ పింటోను పంపించేస్తే అతడు నేరుగా అదే లిస్బన్ నగరంలోని ఎదురింటి స్పోర్టింగ్‌లో చేరాడు.

ప్రశ్న: బోవిస్టాకు 23 విజయాలు, పోర్టోకు 24 విజయాలు అని చదివాను. ఎక్కువ గెలిచిన జట్టు రెండో స్థానంలో ఎందుకుంది? ఒక్క పాయింటు తేడాతో విజేతను తేల్చడం న్యాయమేనా?
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: లెక్క మీకు తెలియనిది కాదు కనుక అంకెలతోనే చెబుతాను. గెలుపుకు మూడు, డ్రాకు ఒకటి చొప్పున, 23 విజయాలు, 8 డ్రాలు, 3 ఓటములతో బోవిస్టాకు 77 పాయింట్లు వచ్చాయి. 24 విజయాలు, 4 డ్రాలు, 6 ఓటములతో పోర్టోకు 76 వచ్చాయి. పోర్టో ఒక మ్యాచ్ ఎక్కువ గెలిచినా, బోవిస్టా ఓడిపోకుండా డ్రాగా ముగించుకున్న మ్యాచ్‌లే ఫలితాన్ని మార్చాయి. పోర్చుగల్‌లో 1995-96కు ముందు గెలుపుకు రెండు పాయింట్లే ఇచ్చేవారు. ఆ పాత పద్ధతిలో లెక్కించి చూస్తే బోవిస్టాకు 54, పోర్టోకు 52 వస్తాయి. ఏ పద్ధతిలో కూడినా మొదటి స్థానం మారదు.

ఇక ఒక్క పాయింటు తేడా గురించి. ఆ అంకె కొంత మోసపూరితమైనది. బోవిస్టా 33వ మ్యాచ్‌లో, 2001 మే 18న, సొంత బెస్సా మైదానంలో అవెస్ జట్టును 3-0తో ఓడించడంతోనే టైటిల్ ఖరారైంది. అప్పటికి పోర్టో కన్నా నాలుగు పాయింట్లు ముందుంది. చివరి మ్యాచ్ పోర్టో మైదానమైన ఆంటాస్‌లో జరిగింది. విజేతలుగా అక్కడికి వెళ్ళిన బోవిస్టా 4-0తో చిత్తుగా ఓడింది. నాలుగు పాయింట్ల ఆధిక్యం ఒకటికి తగ్గింది ఆ రోజే. పట్టికను మాత్రమే చూసేవారికి చివరి నిమిషం దాకా ఉత్కంఠ సాగినట్టు కనిపిస్తుంది కానీ, నిజానికి ఆ మ్యాచ్ ఫలితంతో విజేత మారే అవకాశమే లేదు. అప్పుడు పోర్టో కోచ్‌గా ఉన్న ఫెర్నాండో శాంటోస్ ఆ వేసవిలోనే పదవి వదిలాడు. 2016లో పోర్చుగల్‌కు యూరో కప్ అందించింది ఈయనే.

ప్రశ్న: బోవిస్టా, పోర్టో రెండూ ఒకే నగరానికి చెందినవా?
– ఒక గృహిణి, పటమట, విజయవాడ

జవాబు: అవును. రెండూ ఉత్తర పోర్చుగల్‌లోని పోర్టో నగరానివే. నలుపు తెలుపు చదరంగపు గళ్ళ చొక్కా బోవిస్టా గుర్తు.

ప్రశ్న: జోసే మౌరిన్యో ఆ సీజన్‌లోనే బెన్ఫికాకు కోచ్‌గా ఉన్నాడని మా స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మీ స్నేహితుడు చెప్పింది నిజం. 2000 సెప్టెంబరులో జర్మన్ కోచ్ యూప్ హైంకెస్ వెళ్ళిపోయాక, అంతకుముందు ప్రధాన కోచ్‌గా పనిచేసిన అనుభవమే లేని మౌరిన్యోను బెన్ఫికా నియమించింది. అతడు కుదురుకునేలోగా క్లబ్ అధ్యక్ష ఎన్నికలు జరిగి, తనను తెచ్చిన అధ్యక్షుడు ఓడిపోయాడు. డిసెంబరులో స్పోర్టింగ్‌పై 3-0తో ఘనంగా గెలిచిన కొద్ది రోజులకే మౌరిన్యో తప్పుకున్నాడు. బెన్ఫికా ఆ ఏడాది ఆరో స్థానంలో ముగిసింది. ఆ క్లబ్ చరిత్రలో అంత దిగువ స్థానం మరొకటి లేదు. మౌరిన్యో ఆ తర్వాత లెయిరియా క్లబ్‌కు, 2002 జనవరిలో పోర్టోకు వెళ్ళి, రెండు లీగ్ టైటిళ్ళు, 2004లో ఛాంపియన్స్ లీగ్ గెలిపించాడు. బెన్ఫికా పాలకులు ఓపిక పట్టి ఉంటే ఏమయ్యేదో అన్న చర్చ లిస్బన్‌లో తెగేది కాదు.

ప్రశ్న: బోవిస్టా ఆటగాళ్ళలో మనకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?
– ఒక ఉపాధ్యాయుడు, కొరిటెపాడు, గుంటూరు

జవాబు: యూరో 2004 చూసినవారు పోర్చుగల్ గోల్‌కీపర్ రికార్డోను మరిచిపోరు. ఇంగ్లండ్‌తో క్వార్టర్ ఫైనల్ పెనాల్టీ షూటౌట్‌లో చేతి తొడుగులు తీసేసి ఒక షాట్ ఆపి, తర్వాత తానే వెళ్ళి గెలుపు గోల్ కొట్టినవాడు అతడే. మైదానం మధ్యలో అలుపెరగక పరుగెత్తిన పెతిత్, రక్షణ వరుసలోని పెద్రో ఇమాన్యుయెల్ కూడా ఆ జట్టువారే. ఇమాన్యుయెల్ తర్వాత పోర్టోకు మారి ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు. నా దృష్టిలో ఆ జట్టులో కాస్త కళ ఉన్న ఆటగాడు బొలీవియాకు చెందిన ఎర్విన్ సాంచెజ్. 1994 ప్రపంచకప్‌లో స్పెయిన్‌పై తన దేశం తరఫున గోల్ కొట్టింది అతడే.

ప్రశ్న: ఇప్పుడు బోవిస్టా ఎక్కడుంది? మళ్ళీ చిన్న క్లబ్ గెలిచే అవకాశం ఉందా?
– ఒక పాఠకుడు, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: 2001-02లో రెండో స్థానం, 2002-03లో ఐరోపా క్లబ్‌ల రెండో స్థాయి పోటీ అయిన యూఈఎఫ్ఏ కప్ సెమీఫైనల్ దాకా ఆ ఊపు సాగింది. ఆ తర్వాత రిఫరీలపై ఒత్తిడి తెచ్చారన్న కేసులో, 2008లో క్లబ్‌ను శిక్షగా రెండో శ్రేణికి దించారు. అప్పులు, ఆటగాళ్ళ వలసలతో మరింత కిందికి జారింది. సుదీర్ఘ న్యాయపోరాటం తర్వాత 2014-15లో మళ్ళీ మొదటి శ్రేణిలో చోటు దొరికింది; ఆ తిరిగివచ్చిన జట్టుకు కోచ్ ఎవరో కాదు, పెతిత్. 2024-25లో చివరి స్థానంలో నిలిచి మళ్ళీ దిగిపోయింది.

రెండో ప్రశ్నకు వస్తే, 2001 తర్వాత టైటిల్‌కు బాగా దగ్గరగా వచ్చినది బ్రాగా క్లబ్. 2009-10లో 71 పాయింట్లతో బెన్ఫికా కన్నా ఐదు పాయింట్లు వెనుకబడి రెండో స్థానంలో నిలిచింది. టీవీ ప్రసార హక్కులను క్లబ్‌లు విడివిడిగా అమ్ముకునే పద్ధతి వల్ల సొమ్ములో పెద్ద భాగం ఆ మూడింటికే చేరుతూ వచ్చింది. చిన్న ఊళ్ళలో పుట్టినవారు కూడా సొంత ఊరి క్లబ్ కన్నా బెన్ఫికానో పోర్టోనో అభిమానిస్తారు కాబట్టి టికెట్ల రాబడీ అటే పోతుంది. ఆ పరిస్థితి మారనంత వరకు పషేకో లాంటి కోచ్ ఒకడు దొరికినా, అతడు తయారుచేసిన ఆటగాళ్ళను మూడేళ్ళపాటు నిలుపుకోవడమే కష్టం.

ప్రశ్న: ఆ సీజన్‌లో ఎక్కువ గోల్స్ ఎవరివి?
– ఒక ఇంటర్మీడియట్ విద్యార్థి, గుంటూరు

జవాబు: పోర్టోకు ఆడిన బ్రెజిల్ ఆటగాడు పెనా కొట్టినవి. మొత్తం 22.