2018 నాటి ఐదు వేలు ఇప్పుడు ఏ మూలకి?

ప్రశ్న: మేడమ్, మాది ఖమ్మం. 2018లో పాపకు ఐదేళ్లప్పుడు ఫ్యామిలీ కోర్టు నెలకు 5,000 మనోవర్తి వేసింది. ఇప్పుడు ఏడో తరగతి, ఫీజే ఏడాదికి 55,000, వ్యాన్ ఖర్చు వేరే. ఆయనేమో హైదరాబాద్‌లో మేనేజర్ అయ్యారు, కారు కూడా కొన్నారు. నేను ప్రైవేట్ స్కూల్లో టీచర్ని, జీతం 18,000. పెంచమంటే ‘కోర్టు ఎంత చెప్పిందో అంతే’ అంటున్నారు. పైగా అప్పట్లో పెద్దమనుషుల ముందు ఇక ఏమీ అడగనని సంతకం పెట్టాను. ఇప్పుడు అడగొచ్చా?

జవాబు: అడగొచ్చు. ఇంకా ముందే అడగాల్సింది. కోర్టు చెప్పిందే అంతే అని ఆయన అంటున్నారు కదా, ఆ కోర్టునే మళ్లీ చెప్పమని అడగండి. పరిస్థితులు మారితే మొత్తాన్ని పెంచడానికీ తగ్గించడానికీ చట్టంలోనే దారి ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో అది 127వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్)లో 146. నంబరు మారింది గానీ విషయం అదే. ఇక ఆ సంతకం సంగతి. మీ మనోవర్తి మీరు వదులుకుంటే వదులుకున్నారేమో, పాప హక్కును వదులుకునే అధికారం మీకూ లేదు, ఆ పెద్దమనుషులకూ లేదు. కాబట్టి ఆ కాగితం గురించి టెన్షన్ వద్దు.

పెంపు దానంతట అదే రాదు, అడగని ఏళ్లకు వెనక్కి లెక్కగట్టి ఇవ్వరు కూడా, అందుకే ‘వచ్చే ఏడాది చూద్దాంలే’ అనుకున్న ప్రతి నెలా పోయేది పాప డబ్బే. ముందు పాత ఆర్డరు వెతకండి. చాలామంది ఇళ్లలో అది బీరువాలో చీరల కింద ఎక్కడో ఉంటుంది, దొరక్కపోతే ఎంసీ నంబరు, అంటే మీ మనోవర్తి కేసు నంబరు చెప్పి సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టుకోండి. తర్వాత ఫీజు రసీదులు, వ్యాన్ డబ్బులు ఫోన్‌పేలో కట్టిన వివరాలు, ఆసుపత్రి బిల్లులు, చివరికి ఏడాదికి రెండుసార్లు కొనాల్సి వచ్చే స్కూలు బూట్ల బిల్లు కూడా నెలలవారీగా ఒక ఫైల్లో పెట్టండి. క్యారీబ్యాగులో కాగితాలన్నీ కుక్కి తెచ్చి నా టేబుల్ మీద కుమ్మరించే వాళ్లను చూసి చూసి చెబుతున్నాను.

ఆయన జీతం ఎంతో మీకు కచ్చితంగా తెలియక్కర్లేదు. 2020 నవంబరులో రజనీష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తులు, ఆదాయం, అప్పులు అఫిడవిట్‌లో చూపించాలని చెప్పింది. ఇద్దరూ అంటే మీరు కూడా, మీ 18,000 దాచకండి. మీరు సంపాదిస్తున్నారని తండ్రి బాధ్యత పోదు, ఎవరి ఆదాయాన్ని బట్టి వాళ్ల వాటా తేలుస్తారు, అంతే. లాయరు ఫీజుకు ఇబ్బందైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు.

ప్రశ్న: విజయవాడ నుంచి రాస్తున్నాను. బాబుకు నెలకు 12,000 ఇవ్వాలని ఆర్డరు. కంపెనీ మూతపడి ఉద్యోగం పోయింది. ‘ప్రస్తుతానికి ఐదు వేలు పంపు’ అని ఆవిడే వాట్సాప్‌లో పెట్టింది, ఐదు నెలలుగా అంతే పంపుతున్నాను. ఇప్పుడు మిగతాదంతా బకాయి అని కోర్టుకెళ్లింది. బాబును కూడా చూపించడం లేదు.

జవాబు: మీ కష్టం నిజమే కావచ్చు, కానీ చేసిన పొరపాటు కూడా చిన్నదేం కాదు. కోర్టు ఆర్డరును వాట్సాప్ మెసేజ్ మార్చలేదు. ఉద్యోగం పోయిన నెలలోనే తగ్గించమని పిటిషన్ వేసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఇప్పటికైనా వేయండి, ఉద్యోగం తీసేసిన లెటరు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఎక్కడెక్కడ అప్లై చేశారో ఆ మెయిల్స్ జత చేయండి. ఆ మెసేజ్ కూడా చూపించండి, మీరు కావాలని ఎగ్గొట్టలేదని చెప్పడానికి పనికొస్తుంది. అయినా ఐదు నెలల బకాయి 35,000 చెరిగిపోతుందని ఆశ పెట్టుకోకండి. కొంత కట్టి, మిగతాదానికి వాయిదాలు అడగండి, ఊరికే కూర్చుంటే వారెంటు వస్తుంది, కారణం లేకుండా కట్టని ఒక్కో నెలకూ నెల రోజుల దాకా జైలు వేసే అధికారం కోర్టుకు ఉంది. బాబును చూడటానికి వేరే పిటిషన్ ఉంటుంది, అది విడిగా వేయండి. చూపించేదాకా డబ్బివ్వనని మాత్రం జడ్జిగారి ముందు నోరు జారకండి.